ఈ రాత్రి ఎవరు?

లెక్కలంటే చాలామందికి గిట్టదు. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని కనుక ఈ సంగతి నాకు మరొకరు చెప్పనక్కర్లేదు. పెళ్ళిళ్ళలోనో పేరంటాల్లోనో ఎవరైనా "మీరేం పాఠం చెబుతారండీ?" అని అడుగుతారు. "లెక్కలు" అనగానే, పాపం, ఏదో జబ్బు పేరు విన్నట్టు మొహం పెడతారు. ఆ తర్వాత సంభాషణ చీరల మీదికి మళ్ళుతుంది. నాకూ చీరలంటే ఇష్టమే కాబట్టి నష్టం లేదనుకోండి.

కాని లెక్కలు పద్దు పుస్తకాలకూ పరీక్షలకూ తప్ప ఇంట్లో మనుషుల మధ్య ఎందుకూ పనికిరావని ఎవరైనా అంటే మాత్రం నేను ఊరుకోలేను. మా అక్కాతమ్ముళ్ళ మధ్య మాట రాకుండా ఒక లెక్క ఏడు నెలలు కాపలా కాసింది. ఆ లెక్క పెద్దదేం కాదు. గుణించడం, భాగించడం, దశాంశబిందువు తర్వాత ఉన్న చిల్లర వదిలెయ్యడం. ఇంతే. ఐదో తరగతి పిల్లకు వచ్చిన విద్యే. పాఠకులు కాస్త ఓపిక పడితే అదేమిటో చెబుతాను.

మా అమ్మకు డెబ్భై ఎనిమిదో ఏట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయాయి. మాటా, తెలివీ చెక్కు చెదరలేదు. తెనాలిలో నాన్న కట్టిన ఇల్లు వదిలి ఎక్కడికీ రానంది. పగలు చూసుకోవడానికి ఒక మనిషి కుదిరింది. "రాత్రిళ్ళు మటుకు నా పిల్లలే ఉండాలి. నిద్రలో మెలకువ వస్తే తెలిసిన మొహం కనిపించాలి" అంది. అంతకన్న ఆవిడ మమ్మల్ని ఏమీ కోరలేదు.

నేనుండేది మూడు వీధుల అవతల. మా తమ్ముడు బెజవాడలో ఒక బట్టల కొట్టులో పద్దులు రాసేవాడు. సాయంత్రం బండికి వచ్చి, తెల్లవారి బండికి వెళ్ళిపోవాలి.

"అక్కా, వారానికి మూడు రాత్రులంటే నావల్ల కాదు. రెండంటే నాకే సిగ్గుగా ఉంటుంది. ఎనిమిదింట మూడు నాకు వేసుకో" అన్నాడు. నాకు ఐదు, వాడికి మూడు. ఇద్దరికీ సమ్మతమే.

ఇంతకీ ఆ ఐదూ, మూడూ ఎట్లా పంచాలి? నేను వరసగా ఐదు రాత్రులు మేలుకుంటే ఆరోనాడు బోర్డు ముందు నిలబడి నిద్రపోవలసిందే. వాడు వరసగా మూడు రోజులు రాకపోకలు చేస్తే కొట్లో పద్దులు తలకిందులవుతాయి. పైగా అమ్మకు కొడుకు ఐదు రోజులపాటు కనిపించకపోతే బెంగ. కాబట్టి వీలైనంత సమంగా, ఎడంగా చల్లాలి. విత్తనాలు చల్లినట్టు.

లెక్కల పంతులమ్మను కదా, కాగితం తీశాను. ఎనిమిది రాత్రుల్లో నావి ఐదంటే, 1.6 రాత్రులకు ఒకసారి నా వంతు. 1.6, 3.2, 4.8, 6.4, 8. చిల్లర వదిలేస్తే 1, 3, 4, 6, 8. తమ్ముడికి ఎనిమిదిలో మూడు. అంటే 2.66 రాత్రులకు ఒకసారి. 2.66, 5.33, 8. చిల్లర వదిలేస్తే 2, 5, 8.

రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎనిమిదో రాత్రి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటాం. ఏడో రాత్రి అమ్మ దగ్గర ఎవరూ లేరు!

ఇది తమ్ముడికి చూపిస్తే నవ్వాడు. "దానికేముందే అక్కా! ఏడో రాత్రి నేనొస్తాను, ఎనిమిది నువ్వుండు. సర్దుకుంటే సరి" అన్నాడు.

మంచిమాటే. కాని నేను ఎన్నో కాపురాలు చూశాను. సర్దుబాటు మొదలైననాడే ఎవరు సర్దుకున్నారన్న లెక్క కూడా మొదలవుతుంది. "మొన్న నీకోసం నేను వచ్చాను కదా" అన్న మాట ఇవాళ కాకపోతే ఆరు నెలలకైనా వస్తుంది. వాడు అనకపోతే నేను అంటానేమో! ఎవరూ ఎవరికోసమూ సర్దుకోనక్కర లేని పద్ధతి ఒకటుంటే బాగుండునని నా కోరిక.

అటువంటిది ఉంది. 1.6 బదులు 1.618 తీసుకోవడమే. సరిగ్గా చెప్పాలంటే, 5కు వర్గమూలం కట్టి, దానికి ఒకటి కలిపి, సగం చేస్తే వచ్చే సంఖ్య. 1.6180339... అని అంతూ పొంతూ లేకుండా పోతుంది. స్వర్ణ నిష్పత్తి అని దీనికి పేరు. నా వంతుకు ఇది. దీనికి ఒకటి కలిపితే వచ్చే 2.618 తమ్ముడి వంతుకు. ఇప్పుడు మళ్ళీ గుణించి, చిల్లర వదిలెయ్యండి.

నావి: 1, 3, 4, 6, 8, 9, 11, 12, 14, 16, 17, 19...

వాడివి: 2, 5, 7, 10, 13, 15, 18, 20, 23, 26...

ఏ రాత్రీ ఖాళీ లేదు. ఏ రాత్రీ ఇద్దరం లేము. ఇరవై దాకానే కాదు, వెయ్యి దాకా వెళ్ళినా, లక్ష దాకా వెళ్ళినా ఇంతే. నాకు ఎప్పుడూ వరసగా రెండు రాత్రులకు మించి పడవు. వాడు వరసగా రెండు రాత్రులు రావలసిన పని లేదు. అమ్మకు కొడుకు కనిపించకుండా రెండు రాత్రులకు మించి గడవవు. వాడి వాటా పిసరంత పెరిగింది, నా వాటా పిసరంత తగ్గింది. వాడు పట్టించుకోలేదు.

లక్ష దాకా ఇంతేనని అంత ధైర్యంగా ఎట్లా చెబుతున్నారని మీరు అడగాలి. అడగని పిల్లలకు నేను మార్కులు వేసేదాన్ని కాను. చెబుతాను, వినండి.

ఎనిమిదో రాత్రినే తీసుకుందాం. దానికి ముందు ఏడు రాత్రులు గడిచాయి. అందులో నావెన్ని? 8ని 1.618తో భాగిస్తే 4.944 వస్తుంది. అంటే నాలుగు వంతులు పూర్తయ్యాయి, ఐదోది ఇంకా నిండలేదు. తమ్ముడివెన్ని? 8ని 2.618తో భాగిస్తే 3.056. అంటే మూడు. నాలుగూ మూడూ ఏడు. సరిపోయింది. ఇక మనం వదిలేసిన చిల్లర చూడండి. నా దగ్గర 0.944, వాడి దగ్గర 0.056. రెండూ కలిపితే నిండు రూపాయి! ఎందుకంటే ఒకటిని 1.618తో భాగించగా వచ్చినదీ, 2.618తో భాగించగా వచ్చినదీ కలిపితే సరిగ్గా ఒకటి అవుతుంది. ఆ రెండు సంఖ్యలనూ ఏరి తెచ్చింది అందుకే. కనుక ఎనిమిదికి ఆ భాగహారాలు రెండూ కలిసి ఎనిమిది, తొమ్మిదికి తొమ్మిది. ఏ రాత్రికైనా ఇద్దరి జేబుల్లోనూ ఎంతో కొంత చిల్లర మిగులుతుంది. అది కలిస్తే ఒక్క రూపాయే. ఆ రూపాయి తీసేస్తే, గడిచిన రాత్రులు ఒకటీ తగ్గకుండా, ఒకటీ మించకుండా లెక్కకు వస్తాయి. ఎనిమిదికి ముందు ఏడు, తొమ్మిదికి ముందు ఎనిమిది. అంటే ఆ మధ్య ఉన్న ఎనిమిదో రాత్రికి ఒకరు తప్పక ఉంటారు, ఒక్కరే ఉంటారు.

మరి 1.6కు ఏం లోటు వచ్చింది? 8ని 1.6తో భాగిస్తే సరిగ్గా 5. ఎనిమిదిలో మూడో వంతుతో భాగిస్తే సరిగ్గా 3. ఎవరి జేబులోనూ చిల్లర లేదు. నా ఐదో వంతూ, వాడి మూడో వంతూ రెండూ ఎనిమిదో రాత్రి మీదే వచ్చి పడ్డాయి. దానికి ముందు నావి నాలుగు, వాడివి రెండు, వెరసి ఆరే. అందుకే ఒక రాత్రి ఖాళీ పడింది. భిన్నం ఎంత ముచ్చటైనదైనా ఎక్కడో ఒకచోట చిల్లర నిండుకుంటుంది. ఎంత దూరం వెళ్ళినా చిల్లర నిండుకోని సంఖ్యలు కావాలి. మన పాఠ్యపుస్తకాల్లో వాటిని కరణీయ సంఖ్యలంటారు. ఏ భిన్నంగానూ రాయడానికి లొంగని సంఖ్యలు.

స్వర్ణ నిష్పత్తే కానక్కర్లేదు. రెండు వర్గమూలం, 1.414..., తీసుకున్నా సరే. దానికి జత 3.414. ఒకరికి 1, 2, 4, 5, 7, 8, 9, 11... పడతాయి. రెండోవారికి 3, 6, 10, 13... పడతాయి. ఈ రెండు వర్గమూలాన్ని మనవాళ్ళు శుల్బసూత్రాల్లో వేదికలు కొలవడానికి కట్టారు. బౌధాయనుడు, ఆపస్తంబుడు చెప్పిన లెక్క ప్రకారం అది 577ను 408తో భాగించినంత. దశాంశ బిందువు తర్వాత ఐదు స్థానాల దాకా సరిపోతుంది. మన తెలుగుదేశంలో ఎన్నో ఇళ్ళలో ప్రవర చెప్పుకునేటప్పుడు ఆపస్తంబుడి పేరు తలుచుకుంటారు. ఆయన లెక్క కూడా ఒకసారి తలుచుకోవచ్చు.

ఈ జంట వరసల సంగతి పుస్తకాల్లోకి ఎక్కిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో వివరించిన ర్యాలే ప్రభువు పేరు మీరు వినే ఉంటారు. 1904లో భౌతికశాస్త్రానికి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ధ్వనిశాస్త్రం గురించి ఆయన రాసిన గ్రంథం రెండో కూర్పులో, 1894లో, తీగల కంపనాల గురించి చెబుతూ దారిలో ఈ మాట అనేసి వెళ్ళిపోయాడు. 1926లో కెనడాలోని టొరాంటోలో శామ్యూల్ బీటీ అనే ఆచార్యుడు దీన్ని ఒక అమెరికన్ గణిత పత్రికలో పాఠకులకు పొడుపులెక్కగా ఇచ్చాడు. కెనడా విశ్వవిద్యాలయాల్లో గణితంలో డాక్టరేటు పొందిన మొట్టమొదటివాడు ఆయనే. ముందు చెప్పింది ప్రభువే అయినా, పేరు మటుకు పొడుపులెక్క వేసిన పంతులుగారిదే నిలిచింది. వీటిని ఇవాళ బీటీ వరసలంటారు. తోటి పంతులమ్మను కనుక నాకు సంతోషమే!

చిల్లర వదిలి వరస కట్టడం మనకు కొత్తేమీ కాదు. పంచాంగంలో అధికమాసం ఉంది చూడండి. సూర్యసిద్ధాంతం ప్రకారం 43,20,000 సౌర సంవత్సరాల మహాయుగంలో 15,93,336 అధికమాసాలు. అంటే సగటున రెండేళ్ళ ఎనిమిది నెలల చిల్లరకొకటి. గడిచిన అధికమాసాలెన్నో కావాలంటే గుణించి, భాగించి, వచ్చిన పూర్ణసంఖ్యను తీసుకుంటారు. మిగిలినదాన్ని అధిమాస శేషం అంటారు. ఈమధ్య వచ్చినవి వరసగా చూడండి. 2012లో భాద్రపదం, 2015లో ఆషాఢం, 2018లో జ్యేష్ఠం, 2020లో ఆశ్వయుజం, 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం. ఎడం మూడు, మూడు, రెండు, మూడు, మూడు. మా తమ్ముడు బెజవాడ నుంచి వచ్చిన ఎడాలూ ఇటువంటివే. అయితే రెండు, లేకపోతే మూడు.

గోడమీద క్యాలెండరులో నా రాత్రులకు ఎర్ర సిరా, వాడి రాత్రులకు నీలం సిరా పెట్టాను. ప్రతి గడిలోనూ మూలగా ఎన్నో రాత్రో అంకె వేశాను. సాయంత్రం దీపాలు పెట్టేవేళకు అమ్మ అడిగేది: "ఈ రాత్రి ఎవరే?" పగటి మనిషి క్యాలెండరు చూసి చెప్పేది. అమ్మ "ఆఁ" అని కళ్ళు మూసుకునేది.

పొద్దుపోవడానికి అమ్మకొక ఆట నేర్పాను. చింతగింజలు రెండు కుప్పలు పోయాలి. మన వంతు వచ్చినప్పుడు ఒక కుప్పలోంచి ఎన్నైనా తియ్యవచ్చు, లేదా రెండింట్లోంచీ సమానంగా ఎన్నైనా తియ్యవచ్చు. చివరి గింజ ఎవరు తీస్తే వారిదే గెలుపు. 1907లో వైథాఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు ఈ ఆటను విప్పి చూపాడు. ఎడమచేత్తోనే ఆడేది అమ్మ. పది రోజులు తిరిగేసరికి తమ్ముడు ఆవిడ చేతిలో ఓడిపోవడం మొదలుపెట్టాడు. "వేలకు వేలు పద్దులు రాసేవాణ్ణి, చింతగింజల దగ్గర చిత్తుగా ఓడిపోతున్నాను" అని మొత్తుకునేవాడు.

"వాడి ముందు ఒకటీ రెండూ పెడితే చాలు, చచ్చినట్టు ఓడతాడు. మూడూ ఐదూ పెట్టినా అంతే. నాలుగూ ఏడూ కూడా" అని అమ్మ నాకు రహస్యంగా చెప్పింది. ఎవరూ నేర్పకుండా పట్టుకుంది. ఒకటీ రెండూ సంగతి మీరే చూసుకోండి. ఎట్లా తీసినా మిగిలినవన్నీ ఎదుటివారు ఒక్క ఊపున ఊడ్చేస్తారు.

ఒక సాయంత్రం నేను గదిలోకి వెళ్ళేసరికి అమ్మ క్యాలెండరు వంక తదేకంగా చూస్తోంది. "ఏమే, నీ మొదటి రాత్రి ఒకటి, వాడిది రెండు. నీ రెండోది మూడు, వాడిది ఐదు. నీ మూడోది నాలుగు, వాడిది ఏడు. ఇవి నా గింజలే కదే!" అంది.

ముప్పై రెండేళ్ళలో నా క్లాసులో ఏ పిల్లా నన్ను అంత సంతోషపెట్టలేదు.

అమ్మకు చదువు తక్కువే గాని, తాతయ్య పుణ్యమా అని పద్యాలూ గణవిభజనా బాగా వచ్చు. నా ఎర్ర అంకెల ఎడాలు చదివి వినిపించాను. రెండు, ఒకటి, రెండు, రెండు, ఒకటి, రెండు, ఒకటి, రెండు, రెండు, ఒకటి... రెండు మాత్రలది గురువు, ఒక మాత్రది లఘువు. అమ్మ వేళ్ళమీద కట్టింది. "రగణం, రగణం, యగణం, యగణం, జగణం... ఇదేం వృత్తమే? ఎక్కడా పాదం తెగదేం?" అంది. తెగదు మరి. ఆ నడక ఎంత దూరం వెళ్ళినా మొదటికి వచ్చి తిరగబడదు. తిరగబడితే అది భిన్నమైపోతుంది, ఒక రాత్రి ఖాళీ పడుతుంది. ఒక గురువుతో మొదలుపెట్టి, గురువున్నచోట గురులఘువులూ, లఘువున్నచోట గురువూ రాసుకుంటూ పోతే ఇదే నడక వస్తుంది. అక్షరాల లెక్క 1, 2, 3, 5, 8, 13 అని పెరుగుతుంది. మాత్రాఛందస్సులో ఎన్ని రకాల పాదాలు కట్టవచ్చో లెక్కిస్తూ హేమచంద్రుడు 1150 ప్రాంతంలో చెప్పిన సంఖ్యలే ఇవి. ఇటలీవాడు ఫిబొనాచ్చి పుస్తకం వచ్చింది 1202లో.

రెండువందల పదో రాత్రి నాది. ఆ తెల్లవారుజామున అమ్మ పోయింది. ముందు రాత్రి తమ్ముడిది. ఆ రాత్రి కూడా వాణ్ణి గింజల ఆటలో ఓడించి నిద్రపోయిందట.

పన్నెండో రోజున చుట్టాలందరూ చేరారు. బంతి లేచాక వసారాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే, పిన్ని వరస అయ్యే ఒకావిడ అందుకుంది. "ఏమైనా అనండి, కూతురు కాబట్టి చేసింది. కొడుకు చుట్టపుచూపుగా వచ్చిపోయాడు."

మా మరదలి మొహం పాలిపోయింది. తమ్ముడు తల వంచుకున్నాడు. ఇట్లాంటి మాట ఒక్కటి చాలు, రెండు కుటుంబాలు పదేళ్ళు పలకరించుకోకుండా పోవడానికి. నేను లోపలికి వెళ్ళి క్యాలెండరు కాగితాలు తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

"మొత్తం 210 రాత్రులు, పిన్నీ. ఎర్రవి నావి, 130. నీలంవి వాడివి, 80."

"అదేగా నేననేది! నూటముప్పై ఎక్కడ, ఎనభై ఎక్కడ?"

"ఆ ఎనభైలో ఒక్క రాత్రి కూడా నేను లేను. అవి తీసేస్తే, అమ్మ ఎనభై సాయంత్రాలు 'ఈ రాత్రి ఎవరే?' అని అడిగి జవాబు లేకుండా పడుకునేది."

ఆవిడ కాగితాలు తిరగేసి చూసి, ఏమీ అనకుండా నా చేతికిచ్చింది. మరదలు లేచి వెళ్ళి, పిన్నితో సహా అందరికీ కాఫీ కలిపి తెచ్చింది. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా రాకపోకలు ఇప్పటికీ చల్లగా సాగుతున్నాయి.

ఇక ఈ వేసవి సెలవుల్లో మీ ఇంట్లో పిల్లలు విసుగెత్తి మీ ప్రాణం తీస్తుంటే, ఒక కుప్పలో 8, మరొక కుప్పలో 13 చింతగింజలు పోసి, ముందు ఆట వాళ్ళకే ఇవ్వండి. మీరు జాగ్రత్తగా ఆడితే తప్పక గెలుస్తారు. ఎట్లా గెలుస్తున్నారో మటుకు చెప్పకండి. వాళ్ళే పట్టుకోనివ్వండి.